అంగిట్లో స్క్రూ పెడితే పాడే గొంతు పాడవుతుందా?

రాజమహేంద్రవరం నుంచి ఒక తల్లి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. సారాంశం ఇది.

ఆమె కొడుక్కి పదమూడేళ్ళు. ఎనిమిదో తరగతి. ఆరేళ్ళ వయసు నుంచి సంగీతం నేర్చుకుంటున్నాడు. పై దవడ ఇరుకు. నోరు మూస్తే కుడివైపు పై పళ్ళు కింది పళ్ళకు లోపలగా పడతాయి, కొరికేటప్పుడు గడ్డం ఆ పక్కకు జరుగుతుంది. రాత్రి నోరు తెరుచుకుని పడుకుంటాడు, కాస్త గురక కూడా ఉంది. క్లిప్పులు వేసే డాక్టరు చూసి, ముందు అంగిలి వెడల్పు చేయాలి, స్క్రూ ఉన్న ఎక్స్‌పాండర్ పెట్టాలి, ఈ వయసులోనే చేయించండి అన్నారు. సంగీతం మాస్టారు వినగానే వద్దన్నారు. ఆయన దగ్గర నేర్చుకున్న ఒక అబ్బాయికి ఇలాంటిదే పెట్టాక గొంతు పోయిందట. “కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుందమ్మా” అన్నారట. భర్త టెన్త్ అయ్యాక చూద్దామంటున్నారు. అత్తగారు “మగపిల్లాడికి పళ్ళ సోకులెందుకు” అంటున్నారు. పైగా పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనలో ఈసారి అబ్బాయి ఒక్కడే ఒక కీర్తన పాడాలని మాస్టారు అనుకున్నారు. దానికి ఇంకా మూడు నెలలు. చివర్లో ఆమె ఇలా రాశారు: “ఎవరి మాట వినాలో తెలియక నిద్ర పట్టడం లేదు. వాడు మాత్రం ఏమీ అనడు. ఈమధ్య పాడమంటే గొంతు బాగాలేదని తప్పించుకుంటున్నాడు. మాట్లాడుతుంటే మధ్యలో కీచుమంటుంది, వాళ్ళ చెల్లి నవ్వుతుంది.”

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటి ఐదు పేజీల్లో డాక్టరు, మాస్టారు, మీ వారు, మీ అత్తగారు ఉన్నారు. బాబు చివరి పేజీలో నాలుగు ముక్కల్లో వచ్చి వెళ్ళిపోయాడు. నన్ను ఆపింది ఆ నాలుగు ముక్కలే. మాట మధ్యలో కీచుమంటోందన్నారు, పాడమంటే తప్పించుకుంటున్నాడన్నారు. పదమూడేళ్ళ మగపిల్లాడు కదా, వాడి గొంతు మారడం మొదలైనట్టుంది. అంగిట్లో ఇంకా ఏ స్క్రూ పెట్టలేదు. రేపు పెట్టించారనుకోండి, వచ్చే వేసవికల్లా వాడి శ్రుతి దిగిపోతే ఇంటిల్లిపాదీ ఆ స్క్రూనే తిడతారు. పెట్టించకపోయినా దిగేది దిగుతుంది.

మాస్టారి పాత శిష్యుడికి జరిగిందీ ఇదే అయ్యుండవచ్చు. నేను ఆ అబ్బాయిని చూడలేదు కనుక ఖాయంగా చెప్పను. కానీ ఈ చికిత్సకు డాక్టర్లు తొందరపెట్టే వయసూ, మగపిల్లల గొంతు విరిగే వయసూ చాలామందిలో ఒకదాని మీద ఒకటి పడతాయి. కళ్ళకు కనబడేది నోట్లో ఇనుప ముక్క. లోపల స్వరపేటిక పెరగడం ఎవరికీ కనబడదు. నింద కనబడేదాని మీదికే పోతుంది.

మీ ఇంట్లో వీణ ఉందో లేదో గానీ, మాస్టారి ఇంట్లో చూసే ఉంటారు. తీగ ఎంత పొడుగు, ఎంత బిగువు అన్నదాన్ని బట్టి శ్రుతి. కుండను బట్టి నాదం. మనిషికి తీగలు స్వరపేటికలో ఉండే స్వరతంత్రులు. గొంతు, నోరు, ముక్కు కలిసి కుండ. అంగిలి ఆ కుండలో ఒక పక్క మాత్రమే. స్క్రూ తిప్పితే కదిలేది అంగిలి ఎముకలు, పళ్ళు. స్వరపేటిక జోలికి అది పోదు. కనుక బాబు ఏ శ్రుతిలో పాడగలడు, పైన ఎంతవరకు అందుకోగలడు అన్నవి దానివల్ల మారవు. నాదంలో, అంటే గొంతుకు ఉండే ఆ రంగులో, కొద్దిగా తేడా రావచ్చు. ముఖ్యంగా ‘ఇ’, ‘ఈ’ పలికేటప్పుడు నాలుక అంగిలికి బాగా దగ్గరగా లేస్తుంది కనుక తేడా ఉంటే అక్కడ తెలుస్తుంది. ‘ఆ’ అన్నప్పుడు నాలుక కిందే ఉంటుంది, తేడా దాదాపు తెలియదు. అదీ మిల్లీమీటర్ల లెక్క. ఈ వయసులో స్వరపేటిక పెరిగి కిందికి దిగడం, తంత్రులు పొడుగై లావెక్కడం వల్ల వచ్చే మార్పు ఇంచుమించు ఒక స్థాయి. రెండింటినీ ఒకే తూకంలో పెట్టలేం.

అలాగని మాస్టారి భయం ఉత్తదని నేననను. మొదటి రెండు మూడు వారాలు మాట మారుతుంది. బాగా మారుతుంది. ముందే చెప్పకపోతే మీరు హడలిపోతారు, అందుకని వివరంగా చెప్తాను.

పై దవడలో రెండు పక్కలా వెనక పళ్ళకు రింగులు తొడిగి సిమెంటుతో అతికిస్తారు. వాటి నుంచి వచ్చే లావు తీగలు అంగిలి మధ్యలో ఉన్న చిన్న స్క్రూకు కలుస్తాయి. రోజుకు ఒకసారో రెండుసార్లో, డాక్టరు చెప్పినట్టు, చిన్న తాళంచెవిని స్క్రూ రంధ్రంలో గుచ్చి ముందు నుంచి వెనక్కి తోయాలి. ఆ పని మీదే. బాబు తల మీ ఒళ్ళో పెట్టుకుని, ఫోను టార్చి మీ వారి చేతికిచ్చి తిప్పుతారు. చివరిదాకా తోస్తేనే తర్వాతి రంధ్రం ముందువైపు కనబడుతుంది. సగంలో వదిలేస్తే మర్నాడు గుచ్చడానికి చోటుండదు. బయటికి తీసేటప్పుడు కూడా వెనకవైపుగానే తీయండి. ముందుకు లాగితే తిప్పింది కాస్తా వెనక్కి వచ్చేస్తుంది. తాళంచెవికి దారం కట్టి ఆ కొస మీ వేలికి చుట్టుకోండి, జారి గొంతులోకి పోకుండా.

ఒక్క తిప్పుకు మామూలుగా మిల్లీమీటరులో పావు వంతు. రోజుకు రెండు తిప్పులైతే అర మిల్లీమీటరు. ఏడు మిల్లీమీటర్లు కావాలంటే రెండు వారాలు. కొద్దిరోజుల్లోనే బాబు ముందు పళ్ళ మధ్య సందు వస్తుంది. మీ అత్తగారు “ఉన్న పళ్ళు విడగొట్టారు” అని మొదలుపెట్టేది అప్పుడే. ఆ సందు రావడమే మంచి గుర్తు. అంగిలి ఒకే ఎముక కాదు, మధ్యలో అతుకుంది. ఆ అతుకు విడిందని సందు చెబుతుంది. తిప్పడం ఆపాక కొన్ని నెలల్లో పళ్ళు చాలావరకు వాటంతటవే దగ్గరకు వస్తాయి. తిప్పడం అయిపోయినా పరికరాన్ని తీయరు. విడిన చోట కొత్త ఎముక గట్టిపడేదాకా మూడు నుంచి ఆరు నెలలు అలాగే ఉంచుతారు. (ఇదేదో నిన్నమొన్నటి ప్రయోగం అని మాస్టారు అనుకుంటే చెప్పండి: శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎమర్సన్ ఏంజెల్ అనే దంతవైద్యుడు పద్నాలుగేళ్ళ అమ్మాయికి ఇలాగే స్క్రూతో పై దవడ వెడల్పు చేసి 1860లో రాశాడు. అప్పట్లో తోటివాళ్ళు నమ్మలేదు.)

ఇక మాట సంగతి. ఇక్కడ మన వ్యాకరణమే పనికొస్తుంది. చిన్నప్పుడు బడిలో తాలవ్యాలు, మూర్ధన్యాలు, ఓష్ఠ్యాలు అని బట్టీ పట్టాం కదా. తాలువు అంటే అంగిలే. నాలుక ఎక్కడ తగిలి అక్షరం పుడుతుందో ఆ చోటి పేరే అక్షరానికి పెట్టారు. నాలుక తగిలే దారిలో ఇప్పుడొక తీగల పందిరి వేశారనుకోండి. ట, డ, ణ, ళ పలకాలంటే నాలుక మొన పైకి మడిచి అంగిలికి తగిలించాలి. సరిగ్గా ఆ దారిలోనే సామాను ఉంటుంది. ‘చిలక’లో చ, ‘జిల్లా’లో జ, శ, ష, స ఇవి కూడా జారతాయి. “కాళ్ళు, పళ్ళు, గోళ్ళు” అనమనండి, మొదటి రోజు నోట్లో లడ్డూ పెట్టుకుని అన్నట్టుంటుంది. ప, బ, మ పెదవులవి కనుక వాటికేమీ కాదు. క, గ వెనక పుడతాయి, వాటికీ పెద్ద ఇబ్బంది ఉండదు. ఉమ్మి ఎక్కువ ఊరుతుంది, అన్నం మెతుకులు స్క్రూలో ఇరుక్కుంటాయి, బడిలో పిల్లలు వెక్కిరిస్తారు. చాలామంది పిల్లల్లో ఒకటి రెండు వారాల్లో నాలుక కొత్త దారి వెతుక్కుంటుంది. కొందరికి పరికరం తీసేదాకా స, ష కొద్దిగా అలాగే ఉంటాయి, తీశాక సర్దుకుంటాయి. రోజూ పావుగంట గట్టిగా పేపరు చదివించండి, తొందరగా అలవాటవుతుంది.

మీకు కావలసింది పాట కదా. సప్తస్వరాలనే తీసుకోండి. మ, ప పెదవులవి, గ వెనకది. ఈ మూడూ తిన్నగా వస్తాయి. ద, ని కొద్దిగా మొద్దుబారతాయి. స, రి దగ్గర బాబుకు చికాకు పుడుతుంది. సరళీ స్వరాలు మొదలయ్యేదే స, రి లతో! అందుకని ఆ మొదటి వారాల్లో స్వరాలు, సాహిత్యం పక్కనపెట్టి ఆకారంలో, అంటే వట్టి ‘ఆ’ తో, సాధన చేయించమని మాస్టారిని అడగండి. ఆకారానికి పరికరం పెద్దగా అడ్డం రాదు. ఇంకొక మాట. పాడేవాడికి తన గొంతు చెవుల్లోంచే కాదు, ఎముకల్లోంచి కూడా వినిపిస్తుంది. నోట్లో కొత్త సామాను ఉన్నప్పుడు వాడికి తన గొంతు ఎంతో మారిపోయినట్టు అనిపిస్తుంది, బయట వినేవాళ్ళకు అంత తెలియదు. “నా గొంతు పోయిందమ్మా” అంటే రికార్డు చేసి వినిపించండి.

డాక్టరు దగ్గరకు మళ్ళీ వెళ్ళినప్పుడు బాబు పాడతాడని తప్పకుండా చెప్పండి. మీ ఉత్తరంలో ఎక్కడా చెప్పినట్టు లేదు. ఈ పరికరాల్లో అంగిలికి అంటుకుని పింక్ రంగు అక్రిలిక్ దిమ్మ ఉండేవీ ఉన్నాయి, వట్టి తీగలూ స్క్రూ మాత్రమే ఉండేవీ ఉన్నాయి. రెండో రకంలో నాలుకకు చోటు ఎక్కువ. స్క్రూను అంగిలికి వీలైనంత దగ్గరగా పెట్టమని కూడా అడగవచ్చు. బాబు దవడకు ఏది సరిపోతుందో నిర్ణయం ఆయనదే. అడగడంలో తప్పులేదు.

నోరు తెరుచుకుని పడుకోవడం, గురక అన్నారు. దీన్ని వేరుగా చూడాలి. అంగిలి మనకు నోటి పైకప్పు, ముక్కుకు నేల. నేల వెడల్పైతే కొందరు పిల్లల్లో ముక్కుతో గాలి తీసుకోవడం తేలికవుతుంది. కానీ లోపల ఎడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే మెత్తటి కండలు) వాచి ఉన్నా, అలర్జీ ఉన్నా దవడ వెడల్పు చేసినంత మాత్రాన పోవు. ముందే ఒకసారి చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. రాత్రంతా నోటితో గాలి పీల్చే పిల్లాడికి పొద్దున గొంతు ఎండిపోయి ఉంటుంది. పాటకు అంగిలి స్క్రూ కంటే అది చేసే చెడుపు ఎక్కువ. అదే డాక్టరును కొండనాలుక, దాని పక్కన మెత్తటి అంగిలి కూడా చూడమనండి. కొండనాలుక రెండుగా చీలి ఉన్నా, పుట్టుకతో అంగిలి చీలిక ఉండి ఆపరేషన్ చేయించుకుని ఉన్నా లెక్క వేరు. అలాంటి పిల్లల్లో మాట ముక్కులోంచి రావడం గురించి ముందుగానే ఆలోచించి అడుగు వేయాలి. మీరు అలాంటిదేమీ రాయలేదు కనుక ఇంతటితో వదిలేస్తున్నాను.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

వెంటనే మొదలుపెడితే, ఈ నెలలోనే తిప్పడం పూర్తవుతుంది. ఆరాధన నాటికి స్క్రూ నోట్లోనే ఉంటుంది, కానీ నాలుక దానికి అలవాటుపడి రెండు నెలలు దాటుతుంది. మీ భయానికి ఇది తలకిందులుగా అనిపించవచ్చు గానీ, ఆరాధనకు పదిహేను రోజుల ముందు పెట్టించడం కంటే ఇప్పుడు పెట్టించడమే పాటకు మంచిది. నష్టం ఈ మూడు వారాల సాధన, బడిలో వెక్కిరింతలు.

ఆరాధన అయ్యాక మొదలుపెట్టడం రెండో దారి. మూడు నాలుగు నెలల ఆలస్యానికి చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. అయినా మీవాడి అతుకు ఎంత గట్టిపడిందో ఎక్స్‌రే చూసిన డాక్టరే చెప్పాలి. అడిగి నిర్ణయించుకోండి. ఈ దారిలో బాబు నోట్లో అడ్డం లేకుండా పాడతాడు. గొంతు మాత్రం మీ కోసం ఆగదు.

మీ వారు అంటున్న టెన్త్ తర్వాత అనే దారి ఉంది చూశారా, నాకు నచ్చనిది అదొక్కటే. అప్పటికి వాడికి పదిహేను దాటుతుంది. అంగిలి అతుకు రెండు చేతుల వేళ్ళు పెనవేసినట్టు బిగుసుకోవడం మొదలవుతుంది. మామూలు స్క్రూ తిప్పితే ఎముక విడకుండా పళ్ళు మాత్రం బయటికి ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. ఆ తర్వాత అంగిలి ఎముకలోకే చిన్న స్క్రూలు దించి చేయాల్సి రావచ్చు, ఇంకా ముదిరితే ఆపరేషన్. ఖర్చు, నొప్పి రెండూ ఎక్కువ. టెన్త్ పరీక్షలకు ఈ స్క్రూ అడ్డం కాదు. మీ వారికి చదువు టెన్షన్ ఉంటే, తొమ్మిదిలోకి వచ్చేసరికి ఇది తీసేసి ఉంటారని చెప్పండి.

తీసి పెట్టుకునే ప్లేటు గురించి మీకు ఎవరో చెప్పే ఉంటారు. పాడేటప్పుడు తీసేయవచ్చు కదా అని ఆశ కలుగుతుంది. అది నెమ్మదిగా పనిచేస్తుంది, ఎముక కంటే పళ్ళను ఎక్కువ జరుపుతుంది, కొద్దిపాటి ఇరుకుకు మాత్రమే సరిపోతుంది. పైగా తినేటప్పుడు తప్ప ఇంచుమించు రోజంతా పెట్టుకోవాలి. సాధనకు తీసి, బడిలో తీసి, జేబులో మరిచిపోయి, చివరికి బట్టలతో ఉతికేసిన ప్లేట్లు నాకు తెలుసు.

అసలు ఏమీ చేయించకపోవడమూ ఒక దారే. గొంతుకు ఏమీ కాదు. కానీ కొరికేటప్పుడు గడ్డం పక్కకు జరుగుతోందన్నారు. ఎదిగే వయసులో దవడ రోజూ ఒక పక్కకు జరుగుతుంటే ముఖం కూడా అటే ఎదగవచ్చు, ఆ వైపు పళ్ళు అరిగిపోవచ్చు. మీ అత్తగారు సోకు అనుకుంటున్నది ఇది కాదని ఆవిడకు అద్దం ముందు బాబు చేత పళ్ళు కొరికించి చూపించండి. చెప్పడం కంటే అదే నయం.

మా ఇంట్లో పిల్లాడైతే నేను మొదటి దారి పడతాను. మీరు పడాలని కాదు.

ఆరాధన పాట గురించి మాత్రం మాస్టారితో మీరు వేరే మాట మాట్లాడాలి. “స్క్రూ పెట్టించమంటారా” అని అడిగితే ఆయన వద్దనే అంటారు. “మాస్టారూ, వీడి గొంతు విరుగుతున్నట్టుంది, మీరొకసారి వినండి” అనండి. ఎంతమంది మగపిల్లలను చూసి ఉంటారు ఆయన! వినగానే తెలుస్తుంది. ఐదు శ్రుతిలో పాడే పిల్లాడు నాలుగుకు, మూడుకు దిగుతూ చివరికి ఒకటికో ఒకటిన్నరకో చేరడం ఆయనకు కొత్త కాదు. ఈ నెలల్లో పాత శ్రుతిలోనే తారస్థాయి అందుకోమని బలవంతం చేస్తే గొంతు నలుగుతుంది. పూర్తిగా మాన్పించనక్కర్లేదు. శ్రుతి తగ్గించి, ఎక్కువ పైకీ కిందికీ పోని కీర్తన చూసుకుని, అలసిన రోజున ఆపితే చాలు. ఆరాధనలో ఏ శ్రుతి అన్నది ఆ వారమే తేల్చుకోమనండి. ఒక్కడే పాడటం కుదరకపోతే అందరూ కలిసి పాడే గోష్ఠిలో కూర్చుంటాడు. అక్కడి శ్రుతి అందకపోతే తాళం వేస్తాడు.

బాబును ఎవరూ ఏమీ అడగలేదు కదూ. స్క్రూ నోట్లో పెట్టుకోవాల్సింది వాడు, వేదిక ఎక్కాల్సిందీ వాడు. గొంతు బాగాలేదని తప్పించుకుంటున్నాడంటే వాడికి ఏదో భయం పట్టుకుంది, దానికి పేరు తెలియడం లేదు. ఇది మీరు చెప్పడం కంటే వాళ్ళ నాన్న చెబితే బాగుంటుంది. మీ వారి గొంతు ఏ తరగతిలో విరిగిందో, క్లాసులో పాఠం చదువుతుంటే ఎలా కీచుమందో భోజనాల దగ్గర చెప్పమనండి. చెల్లి అప్పుడు నాన్నను చూసి నవ్వుతుంది.

ఈ ఆదివారం పొద్దున ఒక పని చేయండి. శ్రుతిపెట్టె పక్కన ఫోను పెట్టి, బాబు చేత ఒక పేరా చదివించండి, ఆకారంలో మంద్రం నుంచి అందినంత పైదాకా పాడించండి. స్క్రూ పెట్టకముందు ఒకసారి, పెట్టాక పదిహేను రోజులకొకసారి, అదే గదిలో, అదే దూరంలో. వంటింటి గోడ మీద క్యాలెండర్ ఉంటుంది కదా, తాళంచెవి తిప్పిన రోజున అందులో ఒక టిక్కు పెట్టండి. దాని పక్కనే ఆ రోజు వాడు హాయిగా పాడిన శ్రుతి ఎంతో వాడి చేతే రాయించండి. ఆ కాగితం తీసుకుని మాస్టారి దగ్గరకు వెళ్ళండి.